ఇత్తడి చెంబుకో వెలుగు, మామిడి తాండ్రకో వెలుగు: ఇంట్లోనే ఫోన్‌తో వస్తువుల ఫోటోలు తీసే పద్ధతి

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆన్‌లైన్‌లో అమ్మకాలు పెట్టుకున్నవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. బుడితి ఇత్తడి, పొందూరు ఖద్దరు, భీమాళి తాండ్ర, పలాస జీడిపప్పు, బొబ్బిలి వీణ, ఇవి కాక ఇంట్లో పెట్టిన ఊరగాయలు, తేనె, నెయ్యి. వీళ్లందరి దగ్గరా వినిపించే మాట ఒకటే: "చేతిలో పట్టుకుంటే ఎంత బావుంటుందోనండి, ఫోటోలోనే రావట్లేదు." ఆ తర్వాత చేసే పని కూడా ఒకటే, రింగ్ లైట్ కొనడం. అది పెట్టగానే చెంబు పొట్ట మీద తెల్లటి చక్రం ఒకటి వచ్చి కూచుంటుంది, ఖద్దరు మీద నేత మాయమైపోతుంది, తాండ్రలో ఉన్న ఎర్రటి జీవం కాస్తా పోతుంది. వెలుగు చాలలేదేమో అనుకుని ఇంకో లైటు కొంటారు.

వెలుగు చాలకపోవడం అరుదు. ఇత్తడి వెలుగుతో చేసే పని వేరు, నూలు చేసే పని వేరు, తాండ్ర చేసేది ఇంకా వేరు. ఒకదానికి సరిపోయిన వెలుగు రెండోదాన్ని పాడు చేస్తుంది. కాబట్టి "ఎంత లైటు పెట్టాలి" అని అడిగే ముందు "ఈ వస్తువు తన మీద పడ్డ వెలుగుని ఏం చేస్తుంది" అని అడగడం అలవాటు చేసుకుంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం కింద రాశాను, ఒక్కో వస్తువు దగ్గర ఆగుతూ.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఒక కిటికీ, స్టేషనరీ షాపులో దొరికే బటర్ పేపర్ నాలుగైదు షీట్లు, నల్ల చార్టు ఒకటి, తెల్ల చార్టు ఒకటి, టీవీ డబ్బాలో వచ్చిన ధర్మాకోల్ ముక్క, ఫోన్ స్టాండు. గ్లేర్ తగ్గించే పోలరాయిడ్ చలవ కళ్లద్దాలు ఉంటే మంచిది. అవి నిజంగా పోలరాయిడ్ అవునో కాదో తెలియాలంటే ల్యాప్‌టాప్ స్క్రీన్ ముందు పట్టుకుని మెల్లగా తిప్పండి, ఒక కోణంలో స్క్రీన్ నల్లబడితే అసలువి, ఎంత తిప్పినా మారకపోతే మామూలు రంగు అద్దాలు.

మొదటి మెట్టు: టార్చ్ పరీక్ష

రాత్రి పూట గదిలో లైట్లు ఆపి, వస్తువుని బల్ల మీద పెట్టి, ఫోన్ టార్చ్‌ని మీ చెవి పక్కనే పట్టుకుని దాని మీద వేయండి. తర్వాత టార్చ్‌ని పక్కకి, పైకి, వస్తువు వెనక్కి మెల్లగా తిప్పండి. ఫోటో తీయొద్దు, ఊరికే చూడండి.

కొన్నింటి మీద టార్చ్ బొమ్మ చుక్కలా కనపడుతుంది, టార్చ్ కదిలితే ఆ చుక్క కూడా కదులుతుంది. వెలుగు ఏ కోణంలో వచ్చిందో అదే కోణంలో అవతలికి పోతుంది, క్యారమ్స్‌లో స్ట్రైకర్ అంచుకి తగిలి తిరిగి వచ్చినట్టు. మీ కన్ను ఆ దారిలో ఉంటేనే మెరుపు కనపడుతుంది, లేకపోతే లేదు. ఇంకొన్నింటి మీద చుక్కే ఉండదు, ఎటు నుంచి చూసినా దాదాపు ఒకే వెలుగు. ఖద్దరు, మట్టి కుండ, సున్నం వేసిన గోడ ఈ జాతివి. మూడో రకంలో టార్చ్ వెనక్కి పెట్టగానే లోపలి నుంచి వెలుగుతాయి, తాండ్ర, తేనె, తమలపాకు లాంటివి.

ఇప్పుడు ఆ మెరుపు చుక్క రంగు చూడండి, ఇది ముఖ్యం. ప్లాస్టిక్ బకెట్ ఎర్రదైనా, పచ్చదైనా దాని మీద చుక్క మాత్రం తెల్లగానే ఉంటుంది. ఇత్తడి చెంబు మీద చుక్క పసుపుగా ఉంటుంది. ఎందుకంటే ప్లాస్టిక్, గాజు, వార్నిష్, నూనె పూసిన చెక్క, ఇవన్నీ పడ్డ వెలుగులో కొద్ది భాగాన్ని పైపైనే వెనక్కి పంపేస్తాయి. గాజు మీద నిటారుగా పడితే వందలో సుమారు 4 వంతులు అలా పోతాయి. ఆ భాగం వస్తువు లోపలికి వెళ్లనే లేదు కాబట్టి దానికి వస్తువు రంగు అంటదు, లైటు రంగే ఉంటుంది. మిగతాది లోపలికి దిగి, అక్కడి రంగు రేణువుల మధ్య అటూ ఇటూ తిరిగి, కొన్ని రంగులు అక్కడే ఇంకిపోగా మిగిలినవి నలువైపులా బయటికి వస్తాయి. మనం "వస్తువు రంగు" అనేది ఇలా లోపలికి పోయి తిరిగొచ్చిన వెలుగునే. లోహానికి ఈ రెండో అంకం లేదు. దాని లోపలికి వెలుగు దిగదు, ఏం జరిగినా పైనే. ఇత్తడి నీలం వైపు రంగుల్ని తక్కువగా, పసుపు, ఎరుపు వైపు రంగుల్ని ఎక్కువగా తిప్పి పంపుతుంది, అందుకే మెరుపే పసుపు. బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ దండనీ నిజం ఇత్తడినీ దూరం నుంచే కన్ను విడదీయగలగడానికి ఇదొక కారణం.

రెండో మెట్టు: కిటికీని లైటుగా మార్చుకోవడం

పగటి వెలుగే వాడండి. గదిలో ట్యూబ్‌లైటు, బల్బు మొత్తం ఆపేయండి. కిటికీ వెలుగులో కొంచెం నీలం ఉంటుంది, పసుపు బల్బులో ఆరెంజ్ ఉంటుంది, రెండూ కలిస్తే చీర ఒక వైపు ఒక రంగు, ఇంకో వైపు ఇంకో రంగు వస్తుంది, దాన్ని ఏ యాప్‌లోనూ సరిగా దిద్దలేరు.

ఉత్తరం కిటికీ అయితే ఎండ పడదు, మెత్తటి వెలుగు వస్తుంది అని అందరూ చెప్తారు. అది చలి దేశాల లెక్క. మనం ఉన్నది సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే నెల మధ్య నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, ఆ రోజుల్లో ఉత్తరం కిటికీలోకి ఉదయం, సాయంత్రం ఏటవాలుగా ఎండ వస్తుంది కూడా. అరసవల్లి గుళ్లో మూలవిరాట్టుని సూర్యకిరణాలు తాకేది మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబరు మొదట్లో. డిసెంబరు ఆఖరికి సూర్యుడు దక్షిణం కొసకి వెళ్తాడు కదా, దానికి అటు, ఇటు ఇంచుమించు సమాన దూరంలో ఉన్న రోజులు కాబట్టి రెండు సార్లూ సూర్యుడు తూర్పున దాదాపు ఒకే చోటి నుంచి లేస్తాడు. మీ సావిట్లో కూడా ఇంతే, మార్చిలో కుదిరిన చోటు మే నెలలో కుదరదు. కాబట్టి దిక్కు చూసుకుని కూర్చోకుండా ఆ రోజు ఏ కిటికీలో నేరు ఎండ లేదో చూసుకోండి. ఎండ తప్పదంటే కిటికీకి బటర్ పేపర్ అంటించేయండి.

బటర్ పేపర్ ఎందుకంటే, సూర్యుడు ఎంత పెద్దవాడైనా ఆకాశంలో మనకి కనపడేది అర డిగ్రీ మేరకే. చిన్న లైటు కింద లెక్క. చిన్న లైటుకి నీడ అంచు కత్తిరించినట్టు వస్తుంది, మెరిసే వస్తువు మీద ఒక చోటే కళ్లు చెదిరే చుక్క వస్తుంది. కాగితం అంటించాక కిటికీ మొత్తం వెలుగుతుంది, అంటే ఇప్పుడు మీ లైటు సైజు కిటికీ సైజు. వస్తువుని కిటికీకి ఎంత దగ్గరగా జరిపితే దాని లెక్కలో లైటు అంత పెద్దదవుతుంది, వెలుగు అంత మెత్తబడుతుంది. దూరం జరిపితే ఉల్టా. ఈ ఒక్కటీ చేతికి వస్తే చాలా వరకు ఏ లైటూ కొనక్కర్లేదు.

మూడో మెట్టు: ఇత్తడి, కంచు

సరవకోట మండలం బుడితిలో చేసే చెంబో, కుందో తీసుకోండి. అన్నింటికంటే కష్టమైనది ఇదే, అందుకే ఎక్కువ రాస్తున్నాను. దీని దగ్గర "వస్తువు మీద లైటు వేయడం" అనే ఆలోచన పనికిరాదు. చెంబు గుండ్రంగా ఉంటుంది కాబట్టి గది మొత్తం దాని పొట్టలో కనపడుతుంది, కిటికీ, సీలింగ్ ఫ్యాను, గోడ మీది క్యాలెండరు, ఫోన్ పట్టుకున్న మీరు. ఫోటోలో వచ్చేది ఆ గదే. కాబట్టి చెంబుకి ఏం కనపడాలో మీరు నిర్ణయించాలి.

ముందు తుడవండి. చింతపండుతో తోమి, కడిగి, పూర్తిగా ఆరాక మెత్తటి నూలు గుడ్డతో తుడిచి, ఆ తర్వాత చేత్తో ముట్టుకోవద్దు. వేలిముద్ర మామూలు కంటికి ఆనకపోయినా పక్క నుంచి వెలుగు పడ్డప్పుడు మచ్చలా తేలుతుంది.

చెంబుని కిటికీకి పక్కగా పెట్టండి, కిటికీ ఎడమ వైపు ఉందనుకుందాం. కుడి వైపు ధర్మాకోల్ నిలబెట్టండి. పైన రెండు కర్రలో, రెండు కుర్చీలో ఆధారం చేసుకుని బటర్ పేపర్ పందిరిలా వేయండి. ఇప్పుడు చెంబుకి ఎటు చూసినా తెలుపే. ఫోటో తీసి చూస్తే చెమక్కులు పోయాయి, బాగుంది, కానీ చెంబు బొద్దుగా, అంచులేని ముద్దలా ఉంటుంది, లోహం అనే నమ్మకం కలగదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లోహం లోహంలా కనపడాలంటే దాని మీద తెలుపు పక్కనే నలుపు ఉండాలి. నల్ల చార్టుని నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసి, ఒకటి ధర్మాకోల్‌కి ముందు అంచున, ఒకటి కిటికీ వైపు ఫ్రేములో పడకుండా నిలబెట్టండి. ఫోన్ స్క్రీన్ చూస్తూ పట్టీని అంగుళం అంగుళం జరపండి. చెంబు మెడ దగ్గర, పొట్ట అంచున సన్నటి ముదురు గీత పాకుతూ వస్తుంది, అది అంచుని చక్కగా గీసిన చోట ఆపేయండి. ఈ ఒక్క గీతతో చెంబుకి బరువు వస్తుంది. నా మటుకు నాకు ఈ పని మొత్తంలో ఇంతకన్నా సరదా అయిన క్షణం లేదు.

తర్వాత మీ బొమ్మ. మీరు దగ్గరగా నిలబడితే చెంబు మధ్యలో మీరు కూడా ఉంటారు. రెండు మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీయండి, మీ బొమ్మ చిన్నదైపోతుంది. ముదురు రంగు చొక్కా వేసుకోండి. దగ్గరగా వైడ్‌లో తీస్తే ఇంకో తంటా, చెంబు మూతి పెద్దదిగా, అడుగు చిన్నదిగా వస్తుంది, కొన్నవాళ్లు "ఫోటోలో వేరేలా ఉంది" అని గొడవ పెట్టుకుంటారు.

చెక్కుడు గీతలు ఉన్న వస్తువైతే పైనుంచి వేసిన కాగితం పందిరి తీసేసి, వెలుగు ఒక పక్క నుంచి మాత్రమే వచ్చేలా ఉంచండి. గీతలో ఒక గట్టు తెలుపు అందుకుంటుంది, రెండో గట్టు నలుపు అందుకుంటుంది, నగిషీ లేచి నిలబడుతుంది.

పోలరాయిడ్ అద్దం ఇక్కడ దాదాపు పనిచేయదు. గాజు, నీళ్లు, పాలిష్ మీది గ్లేర్‌ని అది తగ్గిస్తుంది కానీ లోహం మెరుపుని కాదు. ఎందుకో వీణ దగ్గర చెప్తాను.

రంగు విషయం ఒకటి. ఇత్తడి అంటే రాగి, జింకు. కంచు అంటే రాగి, తగరం. కంచు మెరుపులో పసుపు కాస్త పాలిపోయి ఉంటుంది. రెండూ కలిపి ఒకే ఫోటోలో పెడితే తేడా కొనేవాడికే తెలుస్తుంది, విడివిడిగా తీసేటప్పుడు ఫోన్ తనంతట తాను రంగు మార్చేస్తుంది, అందుకని రెండింటినీ వరసగా ఒకే వెలుగులో, వైట్ బ్యాలెన్స్ (ఫోన్ చేసే రంగు సర్దుబాటు) లాక్ చేసి తీయండి.

నాలుగో మెట్టు: ఖద్దరు, పట్టు

ఇత్తడి దగ్గర నేర్చుకున్నవన్నీ ఇక్కడ పక్కన పెట్టేయాలి. నూలు పోగుని భూతద్దంలో చూస్తే మెలికలు తిరిగిన చదునైన నార. దాని మీద పడ్డ వెలుగు ఏ వైపు పడితే ఆ వైపు చెదిరిపోతుంది, అద్దం బుద్ధి దానికి లేదు. కాబట్టి చుట్టూ ఏముంది అనేది పెద్దగా అక్కర్లేదు, వెలుగు ఏ ఏటవాలులో తగిలింది అన్నదే లెక్క.

పొందూరు ఖద్దరుకి దూదిని ఏకేది వాలుగ చేప దవడ ఎముకతో, చేత్తో వడికిన సన్నటి పోగు, చేనేత. పోగులో ఎక్కడో ఒక చోట చిన్న లావు, ఎక్కడో సన్నం. ఆ ఎగుడుదిగుడే దాని అందం, దానికే డబ్బులు. ఎదురుగా ఫ్లాష్ వేస్తే ప్రతి పోగు నీడ ఆ పోగు వెనకే దాక్కుంటుంది, కెమెరాకి కనపడదు, బట్ట మిల్లు గుడ్డలా చదునైపోతుంది. అందుకని బట్టని బల్ల మీద పరిచి, కిటికీ వెలుగు బట్ట మీద జారుతూ వచ్చేలా, అంటే బట్టకి పదిహేను ఇరవై డిగ్రీల ఎత్తు నుంచి తగిలేలా పెట్టండి. బల్లని కిటికీ అంచుకి సమానంగా ఎత్తు లేపితే ఇది వస్తుంది. నేత ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఈ ఫోటోకి బటర్ పేపర్ తీసేసినా తప్పులేదు, వెలుగు కాస్త గట్టిగా ఉంటేనే పోగులు తెలుస్తాయి. కాకపోతే ముడతలు కూడా తెలుస్తాయి, ఇస్త్రీ చేసుకోండి.

రెండో ఫోటో, బట్టని కిటికీకి అడ్డంగా పట్టుకుని వెనక నుంచి వెలుగు రానిచ్చి తీయండి. బట్ట ఎంత పల్చనో చెప్పడానికి వంద మాటలకంటే ఇది నయం, వేళ్లు అవతల నుంచి మసగ్గా కనపడాలి.

తెల్ల బట్ట ఫోటోలో బూడిద రంగులోకి దిగిపోతుంది, మీ తప్పేం లేదు. ఫోన్ కెమెరా ఎదురుగా ఏమున్నా సగటున మధ్యస్థ బూడిద రంగే అనుకుని వెలుగుని సర్దుతుంది. ఎదురుగా అంతా తెలుపు ఉంటే "అబ్బో ఎక్కువైపోయింది" అని తగ్గించేస్తుంది, నల్ల గుడ్డ ఉంటే పెంచేసి బూడిద చేస్తుంది. కాబట్టి బట్ట మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని తెల్ల బట్టకి కొంచెం పైకి, నల్ల బట్టకి కొంచెం కిందకి జరపండి.

ఇంకో మాట, ఖద్దరు తెలుపు పక్కన మిల్లు తెలుపు పెట్టకండి. బట్టల సబ్బు పొడుల్లో, మిల్లు బట్టల్లో ఒక రకం రసాయనం కలుపుతారు, అది కంటికి కనపడని అతినీలలోహిత వెలుగుని తాగి నీలం వెలుగుగా బయటికి పంపుతుంది. పగటి వెలుగులో ఆ బట్ట తన మీద పడ్డదానికంటే ఎక్కువ నీలం పంపుతున్నట్టు ఉంటుంది, దాని పక్కన చలువ చేయని సహజమైన ఖద్దరు మాసినట్టు పసుపు కొట్టుకుపోతుంది. మన అమ్మలు పెట్టే నీలిమందు పని వేరే, అది పసుపుని మింగేసి తెల్లగా చూపిస్తుంది, కొత్త వెలుగేమీ పుట్టించదు. నోట్లు పరీక్షించే యూవీ టార్చ్ దొరికితే చీకట్లో తెల్ల చొక్కా మీద ఒకసారి, వంటింట్లో పసుపు మీద ఒకసారి వేసి చూడండి, పసుపు కూడా ఇదే రకంగా, ఆకుపచ్చ కలిసిన రంగులో వెలుగుతుంది. ఖద్దరు వెనక్కి ముదురు చెక్క బల్లో, చాపో చాలా బావుంటుంది.

పట్టు మధ్యరకం మనిషి. పట్టు పోగు అడ్డకోత ఇంచుమించు మూడు మూలలుగా, గుండ్రపు మూలలతో ఉంటుంది, దాని వైపులు చిన్న చిన్న అద్దాల్లా వెలుగుని ఒక దిక్కుకి ఎక్కువగా పంపుతాయి. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు ఉన్న నెమలికంఠం చీరైతే చూసే కోణం మారగానే ఏదో ఒక రంగు పైచేయి అవుతుంది. దీన్ని ఒక్క ఫోటోలో చూపించాలని తంటాలు పడొద్దు. కొంగుని మడతలు పెట్టి వేలాడదీసి తీస్తే ఒక్కో మడత ఒక్కో కోణంలో ఉంటుంది కాబట్టి రెండు రంగులూ వస్తాయి, దానితో పాటు పది సెకన్ల వీడియో ఒకటి చాలు.

"షాపులో చూసిన రంగు వేరు, ఇంటికొచ్చాక వేరు" అనే పాత గోల ఆన్‌లైన్‌లో రెట్టింపైంది. రెండు రంగు బట్టలు ఒక లైటు కింద అచ్చం ఒకటేలా కనపడి ఇంకో లైటు కింద విడిపోవడం నిజంగానే జరుగుతుంది, ఎందుకంటే రెండు అద్దకాలు వేరు వేరు కలగలుపు వెలుగులు పంపినా మన కన్ను వాటిని ఒకే రంగుగా చదవగలదు, లైటు మారితే ఆ కలగలుపు మారిపోతుంది. బ్లౌజు మ్యాచింగ్ ఎప్పుడూ షాపు గుమ్మం బయటికి తెచ్చి చూడమనేది ఇందుకే. రాత్రి పూట తప్పక తీయాల్సి వస్తే డబ్బా మీద సీఆర్‌ఐ (ఆ లైటు కింద రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్పే అంకె) 90 లేదా అంతకంటే ఎక్కువ అని ఉన్న ఎల్‌ఈడీ బల్బులు కొనండి, చవక బల్బుల్లో ఎరుపు సరిగా ఉండదు, కుంకుమ రంగు చీర ఇటుక రంగులోకి పోతుంది.

అయిదో మెట్టు: తాండ్ర, జీడిపప్పు, తేనె, నెయ్యి

వీటిలో వెలుగు లోపలికి దిగి కొంత దూరం ప్రయాణం చేసి వేరే చోట బయటికి వస్తుంది. ముందు నుంచి లైటు వేస్తే పైపొర మాత్రమే తెలుస్తుంది, రుచి గుర్తుకు రాదు. వెనక నుంచి రావాలి.

భీమాళి తాండ్ర ముక్కని వేలు మందం కోయండి, కోసిన ముఖం ఫోన్ వైపు ఉండాలి, పొరలు పొరలుగా ఆరబోసిన వరసలు ఆ ముఖం మీదే తెలుస్తాయి. ముక్కని కిటికీకి, ఫోన్‌కి మధ్యలో, కొంచెం పక్కగా పెట్టండి. అంచులు నారింజ రంగులో, మధ్య ముదురు తేనె రంగులో వెలుగుతాయి. ముక్క మరీ మందమైతే మధ్య భాగం నల్లబడిపోతుంది, వెలుగు అంత దూరం వచ్చేలోపే ఇంకిపోతుంది, ఇంకో సగం పల్చన కోయండి. ముందు భాగం చీకటిగా ఉంటే ఫోన్ పక్కనే తెల్ల చార్టు పట్టుకుని కిటికీ వెలుగుని కాస్త తిప్పి కొట్టండి, లైటు వెయ్యకండి.

జీడిపప్పుకి పూర్తిగా వెనక నుంచి అక్కర్లేదు, వెనక పక్క నుంచి, గడియారంలో పదింటి ముల్లు ఉండే దిక్కు నుంచి వస్తే వంపు దగ్గర నీడ పడి గుండు జీడిపప్పు గుండుగా కనపడుతుంది, సన్నటి అంచుల్లో పాల రంగు వెలుగు కూడా వస్తుంది. వెనక నల్లటి గుడ్డ వేస్తే పప్పు తెల్లగా తేలుతుంది. గ్రేడు చూసి కొనేవాళ్లుంటారు కాబట్టి ఒక ఫోటో మాత్రం చదునుగా, నీడలు లేకుండా, పక్కన స్కేలు పెట్టి తీయండి.

తేనె సీసాకి ఒక కిటుకు ఉంది. తెల్ల చార్టుని సీసా ఆకారం కంటే కొంచెం చిన్నదిగా కత్తిరించి, సీసా వెనక కనపడకుండా వంచి నిలబెట్టి, దాని మీద కిటికీ వెలుగు పడేలా చేయండి. తేనె లోపల నుంచి దీపం పెట్టినట్టు ఉంటుంది, చుట్టుపక్కల మాత్రం చీకటిగానే ఉంటుంది. పూస కట్టిన నెయ్యికి ఇది పనిచేయదు, ఆ పూసల మధ్య వెలుగు చెదిరిపోతుంది, దాన్ని ఖద్దరులాగే పక్క వెలుగులో, స్పూనుతో తీసి చూపించండి.

ఆరో మెట్టు: గాజు సీసా

ఊరగాయ జాడీ గాజుదైతే దాని అంచే సమస్య. తెల్ల గోడ ముందు పెడితే అంచు గోడలో కలిసిపోతుంది. రెండు దారులున్నాయి. వెనకంతా వెలుగు, రెండు పక్కలా ఫ్రేము బయట నల్ల పట్టీలు, అప్పుడు సీసా అంచు నల్ల గీతగా వస్తుంది. లేదా వెనక నల్ల చార్టు, దాని వెనక రెండు పక్కల నుంచీ వెలుగు, అప్పుడు అంచు తెల్ల గీతగా వెలుగుతుంది. గాజు వంపు దగ్గర వెలుగు వంగి పక్కనున్నదాన్ని తెచ్చి చూపిస్తుంది కాబట్టే ఈ రెండూ సాధ్యం. ఆవకాయకి మొదటిది బావుంటుంది, ఖాళీ గ్లాసులకి రెండోది.

లేబుల్ మీద గ్లేర్ వస్తుంటే సీసాని ఇంచుమించు నిటారుగా చూడకుండా పక్కకి తిప్పి, పోలరాయిడ్ అద్దం లెన్సు ముందు పెట్టి మెల్లగా తిప్పండి. గాజు ముఖానికి లంబంగా ఒక గీత అనుకుంటే, ఆ గీతకి 56 డిగ్రీల దగ్గర తిరిగొచ్చే మెరుపు మొత్తం ఒకే తలంలో కంపిస్తుంది, అద్దాన్ని సరిగ్గా తిప్పితే ఆ మెరుపు దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. ఎదురుగా నిటారుగా చూస్తే మాత్రం అద్దం ఎంత తిప్పినా ఏమీ మారదు.

ఏడో మెట్టు: వీణ, అంటే అన్నీ కలిసినది

బొబ్బిలి వీణ పనస చెక్కతో చేస్తారు, గొల్లపల్లిలో. చెక్క, దాని మీద పాలిష్, లోహపు మెట్లు 24, తీగలు, నగిషీలు, అన్నీ ఒక్క వస్తువు మీదే ఉన్నాయి. ఏదో ఒక లైటు పెడితే ఒకటి కుదిరి మూడు చెడతాయి. ఏది ముందు చూపించాలో తేల్చుకోండి. నేనైతే చెక్క ధార, అంటే చెక్కలోని సహజమైన గీతలు అంటాను, ఎందుకంటే కొనేవాడు చూసేది చెక్కనే.

వీణని కిటికీకి సమాంతరంగా, పొడవు వైపు వెలుగు తగిలేలా పడుకోబెట్టండి. పాలిష్ మీద కిటికీ బొమ్మ తెల్లటి పొరలా పరుచుకుని చెక్క రంగుని కప్పేస్తుంది. ఇప్పుడు లెన్సు ముందు పోలరాయిడ్ అద్దం పెట్టి తిప్పండి. తెల్ల పొర కరిగిపోయి లోపలి చెక్క, దాని గీతలు, పసుపు గోధుమ రంగు బయటపడతాయి. మెట్లు మాత్రం మెరుస్తూనే ఉంటాయి. ఇందాక వాయిదా వేసిన కారణం ఇదే: పాలిష్ లాంటి పారదర్శకమైన పొరలు తిప్పి కొట్టిన వెలుగు ఆ కోణంలో ఒకే తలంలోకి వచ్చేస్తుంది, లోహం తిప్పి కొట్టిన వెలుగులో అన్ని తలాలూ దాదాపు అలాగే మిగులుతాయి. ఒకే అద్దం చెక్క మీది గ్లేర్ తీసేసి మెట్ల మెరుపు ఉంచేస్తుంది, మనకి కావలసిందీ అదే. కానీ గ్లేర్ మొత్తం తీసేయొద్దు, పాలిష్ పెట్టిన సంగతే తెలియకుండా పోతుంది, అద్దాన్ని కాస్త వెనక్కి తిప్పి పలచటి మెరుపు ఒకటి వదలండి.

తీగలు కనపడాలంటే లైటు పొడుగ్గా ఉండాలి. చిన్న బల్బైతే తీగ మీద ఒక చుక్కే మెరుస్తుంది, తీగలకి సమాంతరంగా ఉన్న పొడవాటి కిటికీ అయితే తీగ మొత్తం వెండి గీతలా వస్తుంది. కిటికీ పొట్టిగా ఉంటే కుర్చీల మీద తెల్ల పంచె పొడుగ్గా కట్టి దాని మీద వెలుగు పడనివ్వండి. నగిషీకి విడిగా దగ్గరి ఫోటో, ఖద్దరుకి చెప్పినట్టు ఏటవాలు వెలుగులో.

నల్ల రాయి రోళ్లు, నల్ల కుండలు అమ్మేవాళ్లకి రెండు ముక్కలు. నలుపు వెలుగుని తాగేస్తుంది కాబట్టి దాని ఆకారం తెలిసేది అంచుల మీది మెరుపుతోనే, పెద్ద తెల్ల కాగితాన్ని వెనక పక్కన పెట్టి ఆ మెరుపు పుట్టించండి. రాయిని తడిపితే ఇంకా నల్లబడుతుంది. పొడి రాయి గరుకు మీద చెదిరి తెల్లగా వచ్చే వెలుగుని నీళ్లు ఆ గుంటల్లో నిండి తగ్గించేస్తాయి. ఫోటోకి బావుంటుంది, కానీ కొన్నవాళ్లకి వచ్చేది పొడి రాయి, అందుకని రెండూ పెట్టండి.

ఆఖరి మెట్టు: పంపే ముందు

ఫిల్టర్లు వద్దు. కావాలంటే ప్రతి వరస మొదట్లో వస్తువు పక్కన మామూలు తెల్ల కాగితం పెట్టి ఒక ఫోటో తీసుకుని, ఎడిటింగ్‌లో ఆ కాగితం తెల్లగా వచ్చేదాకా రంగు సర్ది, అదే సర్దుబాటు మిగతా వాటికి వేయండి, కాగితం మరీ నీలం కొట్టే మెరుపు రకం కాకూడదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోయి ఖద్దరు పోగులు, వీణ తీగలు మసకబారతాయి, డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే హెచ్‌డీ నొక్కండి. కొనేవాళ్లు రంగు అడిగితే ఫోన్‌లో కళ్లకి హాయిగా ఉండే పసుపు మోడ్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపమని చెప్పండి, రాత్రి తొమ్మిదింటికి వచ్చే "ఇది క్రీమ్ కలరా, తెలుపా" అనే మెసేజీల్లో చాలా వాటికి జవాబు అక్కడే ఉంటుంది.